బండికి యోగ్యతాపత్రము

జాతీయ రహదారి పొడవునా హోటళ్ల ముందర బారులు తీరి నిలిచియుండు లారీలలో ఏదో యొకదానిని సమీపించి చూచినచో, క్యాబిను ప్రక్కను యజమాని పేరు, ఖాళీబండి బరువు, సరకుతో కూడిన బరువు మొదలగు వివరములతోపాటు యోగ్యతాపత్రమును సూచించు ఎఫ్.సీ. అను రెండక్షరములును, వాని చెంత ఒక తేదీయును రంగుతో వ్రాసియుండుట సాధారణముగా కనబడును. ఈ బండి బ్రేకులు పట్టుననియు, స్టీరింగు చెప్పినట్లు వినుననియు, దీపములు వెలుగుననియు ప్రభుత్వము పరీక్షించి, ఆ తేదీ వరకు ప్రజలకు హామీ యిచ్చినదని దాని భావము. ఆ లారీ వెనుక మోటారుసైకిలు మీద భార్యాబిడ్డలతో పోవు గృహస్థు గాని, దానిని దాటిపోవు బస్సులోని ప్రయాణికులు గాని ఆ తేదీని చదువరు; అయినను వారి ప్రాణములు కొంతమేరకు ఆ తేదీ నిజాయితీ మీదనే ఆధారపడి యున్నవి.

ఈ ఏర్పాటు క్రొత్తది కాదు. 1939 నాటి మోటారు వాహనముల చట్టముననే రవాణా వాహనములకు యోగ్యతాపత్రము విధింపబడినది; 1988 చట్టము తన 56వ సెక్షనున ఆ నియమమునే నిలుపుకొని, యోగ్యతాపత్రము లేని రవాణా వాహనమునకు సరియైన రిజిస్ట్రేషను ఉన్నట్లుగా పరిగణింపరాదని శాసించినది. ఈ ఒక్క వాక్యములోని తీవ్రతను చాలమంది బండి యజమానులు గ్రహింపకున్నారు. ఎఫ్.సీ. గడువు దాటిన ఆటో, పర్మిటు చేతనున్నను, పన్ను చెల్లించియున్నను, చట్టము దృష్టిలో రిజిస్ట్రేషను లేని బండితో సమానము. పట్టుబడినచో మొదటిసారి రెండు వేలకు తగ్గక ఐదు వేల రూపాయల వరకు జరిమానా పడవచ్చును. ప్రమాదము జరిగినచో బీమా సంస్థ ఆ లోపమునే పట్టుకొని పరిహారము విషయమున వివాదము లేవదీయుటకు అవకాశము కలుగును. అట్టి వివాదములలో నలిగిపోవువాడు బీమా సంస్థయు కాదు, జరిమానా వేసిన అధికారియు కాదు. ఒకే బండి మీద సంసారము నీడ్చుకొనివచ్చు డ్రైవరే.

రవాణా వాహనమనగా కేవలము లారీ యని భ్రమపడరాదు. అద్దెకు తిరుగు ఆటో, టాక్సీ, ప్రైవేటు బస్సు, సరకు వ్యాను, ఉద్యోగులను చేరవేయు కంపెనీ బస్సు, పిల్లలను బడికి తీసికొనిపోవు విద్యాసంస్థ బస్సు, ఇవి యన్నియు ఆ కోవలోనివే. క్రొత్తగా రిజిస్టరైన వాహనమునకు మొదటి రెండేండ్లు యోగ్యత ఉన్నట్లే భావింపబడును. పిమ్మట ఎనిమిదేండ్లు నిండువరకు రెండేండ్ల కొకసారి పరీక్ష. ఎనిమిదేండ్లు దాటిన తరువాత ఏటేటా పరీక్ష. వయస్సు పైబడినకొలది పరీక్షలు దగ్గరపడుట సహేతుకమే. బ్రేకు లైనింగు అరిగిపోవును; రబ్బరు గొట్టములు ఎండకు బీటలు వారును; కమానుపట్టీ లోపల పుట్టిన పగులు దుమ్ము క్రింద దాగి, విరిగిననాడు గాని బయటపడదు; ముందు చక్రములను మోయు కింగ్‌పిన్నులు అరిగినపుడు స్టీరింగులో పుట్టు ఆట డ్రైవరు చేతికి రోజురోజుకు అలవాటైపోయి, అది లోపమని వానికే తోచకుండపోవును. నిత్యము నడపువాని చేతికి తెలియని లోపమును పరాయివాని కన్ను పట్టవలసి యుండుటయే ఈ పరీక్షకు మూలకారణము.

ఆ పరాయి కన్ను దీర్ఘకాలము మోటారు వాహనముల ఇన్‌స్పెక్టరుదిగా నుండినది. పల్లెలలో ఆయనను నేటికిని బ్రేకు ఇన్‌స్పెక్టరనియే అందురు. రవాణా కార్యాలయమునకు చేర్చియున్న మైదానమున ఉదయమే బండ్లు బారులు తీరును. ఇన్‌స్పెక్టరు ఒక్కొక్క బండిని చుట్టి చూచి, ఇంజను నంబరును, చాసిస్ నంబరును పత్రములతో సరిపోల్చి, హారను మ్రోగించి, దీపములు వెలిగించి, కొంతదూరము నడిపించి ఒక్కసారిగా బ్రేకు వేయించి, అది నిలిచిన తీరును బట్టి నిర్ణయము చేయును. అనుభవము గల ఇన్‌స్పెక్టరు చక్రము చప్పుడును బట్టియే బేరింగు సంగతి చెప్పగల మాట నిజము. కాని ఒక్క ఉదయమున అన్ని బండ్లను చూడవలసివచ్చినపుడు ఎంత నిపుణుని చూపైనను అలసిపోవును; పైగా బండికంటె ముందుగా ఏజెంటు చేతి కాగితములు కార్యాలయమునకు చేరు అలవాటు మన యూళ్లలో పాతుకొనిపోయినది. బ్రేకు లోపలి పట్టు ఎంత యున్నదో బయటినుండి చూచు కంటికి అంకెలలో తెలియదు గనుక, మంచి అధికారి సంతకమైనను కొంత ఊహ మీద నిలువవలసి వచ్చెడిది.

కేంద్రప్రభుత్వము 2021 సెప్టెంబరులో నియమావళిని సవరించి, యంత్రములతో పరీక్షించు స్వయంచాలక పరీక్షా కేంద్రములకు, అనగా వాడుకలో ఏ.టీ.ఎస్.లకు, విధివిధానములు ఏర్పరచిన దీ లోపమును తొలగించుటకే. అక్కడ జరుగు బ్రేకు పరీక్షను ఒక్కసారి దగ్గరనుండి చూచినవానికి పాత పద్ధతికిని క్రొత్త పద్ధతికిని గల అంతరము వెంటనే తెలియును. నేలలో అమర్చిన రెండు ఉక్కురోలర్ల నడుమ బండి చక్రములు కూర్చుండును. బండి కదలదు, క్రింది మోటారు రోలర్లను త్రిప్పగా వానితోపాటు చక్రములు తిరుగును. డ్రైవరు పెడలును మెల్లగా అదిమినకొలది చక్రము రోలరును ఎంత బలముతో నిలువరించుచున్నదో అంకెలలో తెర మీదికి వచ్చును. వైద్యుడు రెండు చేతుల నాడిని పోల్చి చూచినట్లు యంత్రము ఎడమ చక్రపు బలమును కుడి చక్రపు బలముతో పోల్చును. రెంటికిని పెద్ద తేడా యున్నచో, తడిరోడ్డు మీద అకస్మాత్తుగా బ్రేకు వేసిననాడు బండి ఒక ప్రక్కకు లాగి అడ్డము తిరుగునని అర్థము. మైదానమున నెమ్మదిగా నడిపి ఆపిన బండిలో ఈ తేడా బయటపడుట దుర్లభము.

పిమ్మట బండిని గుంత మీదికి నడిపి, ముందు చక్రముల క్రింది పలకలను అటునిటు కదిలింతురు. క్రింద దీపము పట్టుకొని నిలిచినవానికి కీళ్లలోని వదులు కనబడును. హెడ్‌లైటు వెలుగు ఎంత తీక్ష్ణముగా నున్నదో, ఏ ఎత్తున పడుచున్నదో వేరొక యంత్రము కొలుచును. పొగగొట్టములో గొట్టము పెట్టి, డీజిలు బండియైనచో పొగ దట్టమును, పెట్రోలు బండియైనచో విషవాయువుల పాలును లెక్కింతురు. అద్దములు, వైపరు, సీటుబెల్టు, వేగనియంత్రణ పరికరము, ముందు తెలుపు, వెనుక ఎరుపు, ప్రక్కల పసుపు రంగులలో మెరయు పట్టీలు, ఇవి యన్నియు కంటిచూపు పరీక్షలో చేరును. వీనిలో మెరుపుపట్టీని చిన్నవిషయమని తలచువారు, దీపములు లేక రోడ్డు వార చీకటిలో నిలిపిన ట్రాక్టరు ట్రైలరునకో లారీకో గుద్దుకొని పోయిన ప్రాణములను తలచుకొనవలెను.

క్రొత్త నియమములలో నాకు మిక్కిలి మెచ్చదగినదిగా తోచిన దొకటి కలదు. పరీక్షా కేంద్రము నడుపువాడు బండ్లను మరమ్మతు చేయరాదు, వాహనములుగాని విడిభాగములుగాని తయారుచేయరాదు, అమ్మరాదు. లోపము చూపువానికి ఆ లోపమును బాగుచేసి డబ్బు గడించు అవకాశము లేకుండ చేసినచో, లేని లోపమును కల్పించుటకు గాని ఉన్న లోపమును దాచుటకు గాని ఒక హేతువు తొలగిపోవును. ఈ విషయమున బ్రిటను వేరు మార్గము త్రొక్కినది. అక్కడ ఎం.ఓ.టీ. అను పరీక్ష 1960 సెప్టెంబరులో, పదేండ్లు నిండిన కార్లకు బ్రేకులు, దీపములు, స్టీరింగు మాత్రమే చూచుటతో మొదలై, క్రమముగా విస్తరించి, నేడు మూడేండ్లు నిండిన సొంతకార్లకు సాధారణముగా ఏటేటా తప్పనిసరియైనది. ఉత్తర ఐర్లండులో మాత్రము నాలుగేండ్లకు మొదలగును. నీలిరంగు ఫలకము మీద మూడు తెల్లని త్రికోణములు గల గుర్తు వ్రేలాడు గ్యారేజి ప్రతి పేటలోను కనబడును; అనుమతి పొందిన ఆ గ్యారేజియే పరీక్షయు చేయును, మరమ్మతును చేయును. దానికి విరుగుడుగా ప్రభుత్వము పరీక్షకులకు శిక్షణ యిచ్చి, తనిఖీ చేయుచు, ప్రతి పరీక్షాఫలితమును బండి నంబరు కొట్టిన ఎవరికైనను కనబడునట్లు వెబ్‌సైటున ఉంచుచున్నది. అచ్చట స్థిరపడిన మన తెలుగువారు పాత కారు కొనబోవునపుడు మొట్టమొదట చూచునది ఆ పరీక్షల చరిత్రనే. మనకును అంతటి బహిరంగమైన చరిత్ర యున్నచో పాతబండ్ల బేరములలో జరుగు మోసములు ఎంతయో తగ్గును.

మన యూరిలో పరీక్షా కేంద్రము ఎక్కడనున్నదో తెలిసికొనుట కష్టము కాదు. బండి ఏ రవాణా కార్యాలయ పరిధిలోనిదో ఆ కార్యాలయమునందు విచారించినను, రవాణా శాఖవారి వెబ్‌సైటులోగాని కేంద్రప్రభుత్వపు పరివాహన్ వెబ్‌సైటులోగాని చూచినను తెలియును. ఏ.టీ.ఎస్. ఏర్పడిన చోట అక్కడికే పంపుదురు. రుసుము చెల్లించి, తేదీయును సమయమును ముందుగా నిర్ణయించుకొని పోవలెను. దీనినే స్లాటు అందురు. ఆర్.సీ., బీమా, కాలుష్య ధ్రువపత్రము, పర్మిటు, పన్ను చెల్లించిన ఆధారము వెంట నుండవలెను. గడువు తీరు దినము వరకు ఆగక, కొన్ని వారముల ముందే పరీక్షకు పోవుట మేలు. ఏలయన లోపము బయటపడినచో బాగుచేయించి మరల పరీక్షకు నిలుపుటకు వ్యవధి చిక్కును. అన్నింటికంటె ముఖ్యమైనది, యజమానియో డ్రైవరో స్వయముగా వెంటనుండుట. ఏజెంటు చేతికి తాళము ఇచ్చినవానికి కాగితము దొరకవచ్చునేమో గాని తన బండి ఏ చక్రమున బలహీనముగా నున్నదో మాత్రము తెలియదు.

విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల ఎఫ్.సీ. నిమిత్తము లారీకి రంగు వేయించి, బాడీ సరిచేయించి, పెండ్లికొడుకువలె ముస్తాబు చేయుట పరిపాటి. రంగు మంచిదే, కాని మంచి టైర్లు ఎరవు తెచ్చి పరీక్ష ముగియగానే అరిగిన టైర్లను మరల తగిలించు అలవాటొకటి అక్కడక్కడ వినబడుచున్నది. ఇది అధికారిని వంచించుట కాదు, తన క్లీనరును, ఎదురువచ్చు కుటుంబమును వంచించుట. నాలుగు చక్రముల బండి టైరుపై గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గినచో అది నీటిని బయటికి నెట్టలేదు. వానలో చక్రము నేలను వదలి నీటిపొర మీద జారును.

ఆటో నడుపుకొనువారి కష్టమును గూర్చి ఇచ్చట చెప్పక తీరదు. గడువు దాటిన ప్రతి దినమునకును 50 రూపాయల చొప్పున అదనపు రుసుము వసూలు చేయు నియమము 2016 డిసెంబరులో వచ్చినది. జబ్బుపడియో, మరమ్మతునకు డబ్బులేకయో మూడు నెలలు బండిని ఇంటిముందు నిలిపినవానికి ఆ లెక్కన 4,500 రూపాయలు మీదపడును. భారము పెరిగినకొలది వాడు పరీక్షకు వచ్చుటకే వెనుదీసి, యోగ్యతాపత్రము లేకయే దొంగచాటుగా నడుపును. అట్టి దండనము భద్రతను పెంచదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019లో వాహనమిత్ర పేరిట సొంత ఆటో, టాక్సీ నడుపుకొనువారికి ఏటా 10,000 రూపాయలు బీమా, ఎఫ్.సీ., మరమ్మతుల ఖర్చుల నిమిత్తము ఇచ్చుట మొదలుపెట్టినది. పథకముల పేర్లు ప్రభుత్వములతో మారుచుండును గాని, బ్రేకు బాగుచేయించుకొను స్తోమత పేదడ్రైవరునకు కల్పించుట వానికి చేయు దయ కాదు, ఆ యాటోలో ఎక్కువారందరికిని చేయు రక్ష.

యోగ్యతాపత్రము ఉన్నంతమాత్రమున సమస్తము సురక్షితమని తలపరాదు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు కనుమదారిలో పరిమితికి మించి జనము ఎక్కిన ఆర్టీసీ బస్సు లోయలో పడి అరువదిమందికి పైగా మరణించిన దుర్ఘటనను తెలంగాణము మరువలేదు. దిగుడు దారిలో బ్రేకు అదేపనిగా తొక్కినచో డ్రమ్ములు కాగి, లైనింగుల పట్టు సన్నగిల్లును. బరువు అధికమైనకొలది ఆ ముప్పు పెరుగును. పరీక్షా కేంద్రము బండిని కొలువగలదు గాని, దానిలో ఎందరు ఎక్కుదురో కొలువజాలదు.

ఇక సొంతబండ్ల సంగతి విచారకరముగా నున్నది. తెల్లపలక గల కారునకును, మోటారుసైకిలునకును మొదటి పదునైదేండ్లు ఏ యోగ్యతాపరీక్షయు లేదు. ఆ పిమ్మట రిజిస్ట్రేషను పునరుద్ధరణకు 25వ ఫారముతో, గడువునకు అరువది దినముల లోపుగా దరఖాస్తు పెట్టి, బండిని చూపించినచో ఐదేండ్ల కొకసారి పొడిగింతురు. ఈ నడుమ కాలములో బండి స్థితిని గూర్చి యజమానులు చూపవలసినది కాలుష్య పత్రము మాత్రమే. అది పొగను గూర్చి చెప్పును గాని బ్రేకును గూర్చి ఒక్క ముక్కయు చెప్పదు. పదునాలుగేండ్ల మోటారుసైకిలు వెనుకబ్రేకు పట్టునో లేదో మన దేశమున చట్టప్రకారము చూచువాడెవ్వడును లేడు. ఇది సవరింపవలసిన లోపమని నా దృఢమైన అభిప్రాయము.

విద్యాసంస్థల బస్సుల విషయమున మాత్రము మన రెండు రాష్ట్రములును మంచి కట్టడి చేసికొన్నవి. వాని ఎఫ్.సీ. గడువు ఏటా మే 15తో ముగియును. జూనులో బడులు తెరచులోగా ప్రతి బస్సును మరల పరీక్షకు నిలుపవలెను. బ్రేకులతోపాటు అత్యవసర ద్వారము, అగ్నిమాపక పరికరము, ప్రథమచికిత్స పెట్టె కూడ చూతురు. తల్లిదండ్రులారా, పుస్తకములు, చెప్పులు కొను ఆ దినములలోనే మీ బిడ్డ ఎక్కు బస్సు నంబరును ఒక కాగితము మీద వ్రాసికొని, చేతిలోని సెల్‌ఫోనున ఎంపరివాహన్ యాప్ తెరచి ఆ నంబరు కొట్టుడు. యోగ్యత ఏ తేదీ వరకు ఉన్నదో అందు కనబడును. గడువు తీరియున్నచో ముందుగా పాఠశాల యాజమాన్యమును అడుగుడు. వారు సమాధానము చెప్పనియెడల రవాణా కార్యాలయమునకు వ్రాతపూర్వకముగా తెలియజేయుడు. క్రొత్త పత్రము వచ్చువరకు బిడ్డను ఆ బస్సు ఎక్కింపకుడు.