కర్బన పాదముద్ర

ఒక వ్యక్తి లేదా కుటుంబం చేసే పనుల వలన నేరుగాను, పరోక్షంగాను వాతావరణంలో చేరే హరితగృహ వాయువుల మొత్తాన్ని కర్బన పాదముద్ర అంటారు. మీథేను, నైట్రస్ ఆక్సైడు వంటి వాయువులను బొగ్గుపులుసు వాయువుకు (కార్బన్ డయాక్సైడు) సమానమైన తూకంలోనికి మార్చి కలుపుతారు. 1990వ దశకంలో విలియం రీస్, మాథిస్ వాకర్నాగెల్ ప్రతిపాదించిన పర్యావరణ పాదముద్ర నుండి ఈ భావన వచ్చినది. దీనికి విస్తృత ప్రచారం కల్పించినవి 2000ల మధ్యకాలంలో బి.పి. అనే చమురు కంపెనీ ఇచ్చిన ప్రకటనలు కావడం గమనార్హం.

లెక్కించే విధానం

లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. లీటరు పెట్రోలు బరువు ముప్పాతిక కిలోయే కదా అన్న సందేహం సహజము. ఇంధనంలోని కర్బనం గాలిలోని ప్రాణవాయువుతో కలియుట వలన బరువు పెరుగుతుంది. 14.2 కిలోల వంటగ్యాసు సిలిండరు ఖాళీ అయ్యేసరికి ఇది 42 కిలోల వరకు ఉంటుంది. భారతదేశంలో విద్యుత్తు అధికభాగం బొగ్గు నుండి వస్తున్నందున యూనిట్‌కు దాదాపు 0.7 కిలో చొప్పున లెక్కిస్తారు.

గోదావరి డెల్టాలో

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత ఈ ప్రాంతంలో వరి ప్రధాన పంటగా స్థిరపడినది. సార్వా, దాళ్వా పంటలలో చేను నీట మునిగి ఉన్నపుడు అడుగు మట్టికి ప్రాణవాయువు అందదు. అపుడు కొన్ని సూక్ష్మజీవులు కుళ్ళిన మోళ్ళు, వేళ్ళ నుండి మీథేనును తయారుచేస్తాయి. నూరేళ్ళ లెక్కలో దీని ప్రభావం బొగ్గుపులుసు వాయువుకు సుమారు 27 రెట్లు. అనగా మోటారు సైకిలు కూడా లేని కుటుంబం తినే అన్నంలో సైతం పాదముద్ర ఉన్నది. చేనును మధ్యమధ్య ఆరగడితే మీథేను తగ్గుతుంది; నైట్రస్ ఆక్సైడు కొంత పెరిగినా మొత్తం మీద మేలే. అయితే సార్వాలో మురుగు కాలువలు నిండిన పల్లపు చేలలో రైతు కోరినా నీరు దిగదు.

భీమవరం పరిసరాలలోని చేపలు, రొయ్యల చెరువులలో నీటికి గాలి అందించే యంత్రాలు విద్యుత్తుపైన, డీజిలుపైన నడుస్తాయి. మరొక వైపు కాకినాడ సమీపంలోని కోరంగి మడ అడవులు తమ బురదలో కర్బనాన్ని దీర్ఘకాలం నిలువ చేస్తాయి.

వ్యక్తిగత లెక్కకు అందని ఉద్గారాలు కూడా ఉన్నవి. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడి వద్ద చమురు సంస్థ బావి నుండి ఎగసిన మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. ఆ వాయువును ఏ ఇంటి ఖాతాలోనూ వేయలేము.

ప్రభావం

భారతీయుల తలసరి బొగ్గుపులుసు వాయువు ఏడాదికి సుమారు 2 టన్నులు. ఇది ప్రపంచ సగటులో సగానికన్న తక్కువ. అయినను సముద్రమట్టం పెరిగితే ముందుగా దెబ్బతినేవి ఇటువంటి పల్లపు డెల్టాలే. ఉప్పాడ తీరంలో ఇళ్ళు, రోడ్లు పలుమార్లు కోతకు గురయినాయి. ఈ తీరంలోని కోతకు సముద్రమట్టం ఒక్కటే కారణం కాదు. ఎగువ ఆనకట్టల వద్ద ఒండ్రు ఆగిపోయి డెల్టాకు చేరకపోవడం కూడా ఒక కారణమే.