సీసపు సిపాయిలు



సంక్రాంతి బొమ్మలకొలువులో సిపాయి బొమ్మలను మీరందఱును చూచియే యుందురు. అట్టి చిన్నబొమ్మలతో పెద్దలు సైతము యుద్ధక్రీడ లాడుదురు. వానికి రంగు దిద్దుట నాకు చిరకాలపు వ్యాసంగము. దానిని గూర్చియే నేడు నాలుగు మాటలు మనవి చేసెదను.

ఈ క్రీడ యూరపు ఖండమున పెరిగినది. 1824లో రైస్విట్జ్ అను ప్రష్యా సేనాధికారి రచించిన యుద్ధక్రీడను ఆ దేశపు సైన్యము అధికారుల శిక్షణకై స్వీకరించెను. 1893లో లండనునందు విలియం బ్రిటన్ కర్మాగారమువారు లోపల బోలుగా నుండు సీసపు సిపాయిలను పోతపోయ నారంభింపగా బొమ్మలు చౌకయయ్యెను. 1913లో హెచ్. జి. వెల్స్ అను ఆంగ్ల రచయిత ఈ యాట నియమములను ‘లిటిల్ వార్స్’ అను పుస్తకముగా ప్రకటించెను. ఆటగాండ్రు బల్లపై కొండలు, తోటలు అమర్చి, బంట్ల నడకను బద్దతో కొలిచి, పాచికలు వేసి గెలుపోటములు నిర్ణయింతురు.

నేను రంగు వేయు బంటు అంగుళము ఎత్తుండును. మొదట పోతలో మిగిలిన అంచులను ఆకురాయితో రుద్ది, సబ్బునీట కడిగి ఆరబెట్టుదును. సీసపుపొడి విషము గనుక చేతులు కడుగుకొననిదే అన్నము ముట్టరాదు. కొండపల్లి పనివారు బొమ్మకు సున్నము పూసిన పిమ్మట గదా రంగులు దిద్దుదురు. ఇచటను అట్లే పలుచని తొలిపూత కావలెను. లేనిచో రంగు లోహమును అంటిపట్టుకొనదు. ఇంత చిన్నబొమ్మపై వెలుగునీడలు స్పష్టముగా తోపవు. కావున అంగీ మడతలలోనికి నీళ్ళవంటి ముదురురంగును పాఱించి, ఎత్తైన చోట్ల లేతరంగు దిద్దవలెను. అప్పుడు బంటునకు ప్రాణము వచ్చినట్లుండును.

అయితే ఏ బంటునకు ఏ రంగు? ఇందు నేనొకమాఱు పొరబడితిని. పిఠాపురమునకు చేరువనున్న చెందుర్తి యుద్ధమునకై బంట్లను సిద్ధపఱచుచు, ఎఱ్ఱకోటు తెల్లవారికే యుండునని తలచి, నాటు సిపాయిలకు తెల్లని దుస్తులు దిద్దితిని. పిమ్మట చరిత్ర చదువగా నా తప్పు తెలిసినది.

1758 డిసెంబరులో అచట ఒకవైపున ఫోర్డు దొర నడిపిన ఇంగ్లీషు దండును, విజయనగర ప్రభువైన ఆనంద గజపతిరాజు సేనయు నిలిచెను. ఎదుట కాన్‌ఫ్లాన్ నడిపిన ఫ్రెంచివారు. ఫోర్డు వెంట వచ్చిన వంగదేశపు సిపాయిలు ఎఱ్ఱకోటులు తొడిగిరి. ఫ్రెంచివారు వారినే తెల్లదండని భ్రమించి పైబడిరి. సిపాయిలు వెనుదీయగా జయము తమదేయని చెదరి తఱిమిరి. అసలు తెల్లదండు ఏపుగా పెరిగిన చేనిచాటున నుండెను. అది వెలువడి కాల్పులు జరుపగా ఫ్రెంచివారు ఓడిరి. 1759లో మచిలీపట్నపు కోటయు వారి చేయి జాఱెను. మన సర్కారు జిల్లాలలో ఇంగ్లీషువారి యధికారమునకు దారి ఏర్పడెను.

నేను దిద్దిన తెల్లబట్టల సిపాయిలను బల్లపై నిలిపినచో ఈ యుద్ధము ఎవరికిని అర్థము కాదు. అందుచేత ఆ రంగంతయు గీకివేసి, ఒక్కొక్కరికి మరల ఎఱుపు దిద్దితిని. కన్నులు నొచ్చినవి గాని మనసు కుదుటబడినది.

ఆటలో పడిన బంటును మరల నిలుపవచ్చును. చెందుర్తి చేలలో కూలిన సిపాయిలు లేవలేదు. వారి పేర్లు నేను చదివిన ఏ గ్రంథమునను కనబడలేదు. వారు తొడిగిన కోటు రంగైనను తప్పక చూపుట మనవంతు. మీ మనుమలు సిపాయి బొమ్మ పట్టుకొని వచ్చినప్పుడు, అది ఎవరి బంటు, ఆ దుస్తు ఎవరిచ్చినది అని అడుగుడు. కథ అచటనే మొదలగును.