జపానులో మన విద్యార్థి

కుమారుని పరదేశమునకు పంపు తండ్రి మొదట విచారించునది వ్యయము, పిమ్మట విచారించునది పట్టము. ఆ రెంటి నడుమ కుమారుడు దినమెట్లు గడపునో విచారించువారు అరుదు. ఆరు నెలలకో సంవత్సరమునకో మార్పిడి విద్యార్థిగా జపానుకు పోవు యువకుడు తరగతిలో నేర్చుదానికంటె దినచర్యలో నేర్చునదే యెక్కువ యని మా యభిప్రాయము.

అచ్చట అతనికి మొదటి గురువు పురపాలక కార్యాలయము. నివాసము కుదిరిన 14 దినములలో చిరునామాను నమోదు చేయింపవలయును. జాతీయ ఆరోగ్య బీమాలో చేరవలయును. చేరినవాడు వైద్యవ్యయమున సాధారణముగా నూటికి 30 పాళ్లు మాత్రమే భరించును. రెండవ గురువు చెత్త. కాలునది వేరు, కాలనిది వేరు, సీసాలు, డబ్బాలు వేరు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క దినము. ఊరూరికి నియమము మారును. దినము తప్పి పెట్టిన సంచిని బండివారు ముట్టరు. అది వీథిలో నందరి కంటను పడుచుండును. దానిని చూచి సిగ్గుపడిన నాడే మనవాడు పౌరధర్మమున తొలి పాఠము నేర్చినవాడగును. ముంగిట ముగ్గు పెట్టి కసవును వీథిలోనికి నెట్టు మనకు ఈ పాఠమెంత యవసరమో చెప్పనేల? ఆ దేశమున పాఠశాలల బాలబాలికలే తమ తరగతి గదులను తుడుచుకొందురు. చీపురు పట్టుట వారికి హీనము కాదు.

అన్నము తినువారి దేశమే కదా యని ధైర్యముతో పోవు తెలుగు శాకాహారికి భోజనశాలలో చిక్కు కలుగును. అన్నము జిగురుగా నుండి పుల్లలతో తినుట కనువైనదే. కాని కూరగాయల పులుసువలె కనబడు దానిలోను తరచుగా ఎండుచేపతో కాచిన రసముండును. కావున బియ్యము కడిగి పొయ్యిపై పెట్టుట ఇంటనే నేర్చి పోవలయును. ఆడపిల్లకు నేర్పి మగపిల్లవానికి నేర్పని విద్య యిది. పరదేశమున దాని లోటు తెలిసివచ్చును.

ధనవిషయమున తల్లిదండ్రులు భ్రమపడరాదు. జాతీయ విశ్వవిద్యాలయములలో ప్రామాణికమగు రుసుము ఏటికి 5,35,800 యెన్‌లు; కొన్నిట అంతకు మించియు నున్నది. మార్పిడి యొప్పందముపై పోవువాడు సాధారణముగా స్వదేశమునందలి విద్యాలయమునకే రుసుము చెల్లించును. అయినను తిండి, అద్దె, రైలు ఖర్చులు తప్పవు. అనుమతి పొందిన విద్యార్థి చదువు దినములలో వారమునకు 28 గంటలకు మించి కూలిపని చేయరాదు. రేయింబవళ్లు తెరచియుండు అంగళ్లలో నిలిచి సంపాదించు సొమ్ముతో ఇంటి యప్పు తీరునని పొలము తాకట్టు పెట్టుట అవివేకము.

ఇక ముఖ్యవిషయము భాష. ఆంగ్లమున బోధించు తరగతులు ఇప్పుడు అచ్చట కలవు. కాని తరగతి గడప దాటిన వెంటనే అంగడి, వైద్యశాల, కార్యాలయము సర్వమును జపాను భాషలోనే నడచును. రెండు అక్షరమాలలుగాక నిత్యవ్యవహారమునకు 2,136 చిత్రాక్షరములు ఏర్పడియున్నవి. ఇంతటి క్లిష్టమైన లిపి గల జాతి వైద్యమును, యంత్రశాస్త్రమును స్వభాషలోనే అత్యున్నతశ్రేణివరకు బోధించుచున్నది. యాబదియారు అక్షరముల భాష గల మనము అది సాధ్యము కాదనుచున్నాము!

ఇది వారికి దైవదత్తము కాదు. 1871లో ఇవాకురా రాయబారముతో పరదేశములకు పోయిన విద్యార్థులలో అయిదుగురు బాలికలుండిరి. వారిలో ఆరేండ్ల త్సుదా ఉమెకో పెరిగి స్వదేశమునకు వచ్చి 1900లో టోక్యోలో స్త్రీవిద్యాలయమును స్థాపించెను. ఆ యేడే లండనుకు పోయిన నత్సుమే సోసెకి 1903లో తిరిగివచ్చి, టోక్యో విశ్వవిద్యాలయమున ఐరోపాలో పుట్టిన లాఫ్కాడియో హెర్న్ విడిచిన ఆంగ్లసాహిత్య బోధనమును చేపట్టెను. పిదప జపాను భాషలో నవలలు వ్రాసి ప్రఖ్యాతుడయ్యెను. పోయినవారు తిరిగివచ్చిరి, నేర్చినదానిని తమవారి భాషలో పెట్టిరి. రహస్యమంతయు నిదియే.

ఆ దేశమునందలి సమస్తమును అనుకరణీయమని మేము చెప్పము. ఆ విద్యయే 1910లో కొరియాను కబళించిన సామ్రాజ్యమునకును తోడ్పడినది. క్రమశిక్షణకు ధర్మబుద్ధి తోడు కానిచో అది పరపీడనమునకు సాధనమగును. ఈ పాఠమును సైతము మన విద్యార్థి అచ్చటనే చదువుకొనవలయును.

సంగారెడ్డి చెంత కందియందలి సాంకేతిక విద్యాలయము జపాను సహాయముతో పెరిగినది; అందు చదివినవారు కొందరు విద్యార్థివేతనములపై ఆ దేశమునకు పోయిరి. అట్టి వారిని మేము కోరునది బహుమానములు కాదు, ఛాయాపటములు కాదు. చూచినదానిని, నేర్చినదానిని తమ యూరి రైతునకు తెలియు తెలుగున వ్రాసి యిచ్చినచో చాలును. ఒక్కొక్కరు ఒక్కొక్క చిన్న పుస్తకము వ్రాసినను పదియేండ్లలో మన భాషకొక శాస్త్ర గ్రంథాలయ మేర్పడును. పంపిన తండ్రుల సొమ్మునకు వడ్డీ అదియే, అసలును అదియే.