పాత చెక్కతో ఉయ్యాల చేయిస్తున్నారా?



కొత్త టేకు కొనడం అందరి వల్లా కాదు. అందుకే ఫ్యాక్టరీల దగ్గర, రేవు పట్టణాల్లో దొరికే ప్యాకింగు పెట్టెల చెక్క, ప్యాలెట్లు, పాత రైల్వే స్లీపర్లు కొని బల్లలు, మంచాలు, ఉయ్యాలలు చేయించుకుంటారు. ఇందులో తప్పు లేదు. అయితే ఆ చెక్క ఇంతకు ముందు ఏ పనికి వాడారో తెలుసుకోకుండా ఇంట్లోకి తేకండి.

మొదట స్లీపర్ల సంగతి. చెదలు పట్టకుండా, కుళ్లకుండా చాలా స్లీపర్లకు క్రియోసోట్ పట్టించేవారు. ఇది బొగ్గు తారు నుండి తీసే నూనె. ఎండ తగిలితే ఏళ్లు గడిచినా పైకి చెమరుస్తుంది. చర్మానికి అంటితే మంట, దద్దుర్లు వస్తాయి. క్యాన్సర్ కలిగించగల పదార్థాల్లో దీన్ని కూడా చేర్చారు. పైన వార్నిష్ వేస్తే సరిపోతుందని ఎవరైనా చెప్పవచ్చు. సరిపోదు! తారు వాసన వచ్చే చెక్కను మంచానికి, భోజనాల బల్లకు, ముఖ్యంగా పసిపిల్లల ఉయ్యాలకు వాడవద్దు.

విదేశీ సరుకుతో వచ్చిన ప్యాలెట్ల మీద గోధుమ వెన్ను బొమ్మతో ఒక ముద్ర ఉంటుంది. అందులో ఆంగ్లంలో హెచ్.టి. అని ఉంటే పురుగు చావడానికి వేడి చేశారని అర్థం. ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారు, దాన్ని వదిలేయండి. ముద్ర మంచిదే అయినా, నూనె మరకలు, పురుగుమందు వాసన ఉంటే తీసుకోకండి. దాని మీద ఏ డబ్బా కారిందో ముద్ర చెప్పదు కదా.

ఆకుపచ్చ ఛాయ ఉన్న మందు పట్టించిన చెక్కలో ఆర్సెనిక్ ఉండవచ్చు. మిగిలిన ముక్కలను పొయ్యిలో పెట్టడం మన ఇళ్లలో అలవాటు. ఇలాంటి చెక్కను మాత్రం కాల్చకండి. ఆ విషం పొగలోకీ, బూడిదలోకీ చేరుతుంది. ఆ బూడిదతో గిన్నెలు తోమినా, దాన్ని కూరపాదులకు వేసినా ప్రమాదమే.

యోసేపు కొట్టులో ఈ రసాయనాలు లేవు గాని, రంపపు పొట్టు ఉండే ఉంటుంది. మందు పట్టించని చెక్క పొడి కూడా ఉబ్బసాన్ని పెంచుతుంది. ఏళ్ల తరబడి పీల్చితే ముక్కులో క్యాన్సర్ రావచ్చు. కోసేటప్పుడు, చిత్రిక పట్టేటప్పుడు ఆరుబయట కూర్చోండి. చేతిరుమాలు చాలదు, ఎన్-95 మాస్కు కట్టుకోండి. పొడిని చీపురుతో లేపకుండా తడిగుడ్డతో తుడవండి. ఆ బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతకవద్దు.

పాత చెక్కలో మేకులు దాగి ఉంటాయి. గుచ్చుకుంటే పసుపు అద్ది ఊరుకోకుండా, సబ్బు నీళ్లతో బాగా కడిగి, అదే రోజు ఆసుపత్రికి వచ్చి ధనుర్వాతం ఇంజెక్షన్ అవసరమా అని అడగండి.