చెయ్యి చాపితే నేరమా?

బిచ్చమెత్తుకోవడాన్ని దేశమంతటా నేరంగా చూసే ఒకే చట్టం భారతదేశంలో లేదు. రైళ్లలోనూ స్టేషన్లలోనూ అడుక్కోవడాన్ని 1989 నాటి రైల్వే చట్టం నిషేధించింది. వీధులు, గుళ్లు, కూడళ్లు, బస్టాండ్లు మాత్రం రాష్ట్రాల చేతుల్లో ఉన్నాయి. దాదాపు ఇరవై రాష్ట్రాలు ఇందుకు చట్టాలు చేసుకున్నాయి. వాటిలో కొన్ని 1959 నాటి బొంబాయి యాచక నిరోధక చట్టాన్నే తెచ్చి పెట్టుకున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1977లో ఇలాంటి చట్టమే వచ్చింది. రాష్ట్రం విడిపోయాక అది తెలంగాణకూ సంక్రమించింది.

ఈ చట్టాలకు పెద్దన్న లాంటిది బొంబాయి చట్టం. అందులో 'యాచన' అంటే ఏమిటో చెప్పిన తీరు చూస్తే వల ఎంత వెడల్పుగా పరిచారో తెలుస్తుంది. బహిరంగ స్థలంలో ముష్టి అడిగినా, ఎవరైనా ఇస్తే పుచ్చుకున్నా యాచనే. పాట పాడి, ఆట ఆడి, జోస్యం చెప్పి, ఏదో వస్తువు అమ్మజూపి డబ్బు అడిగినా యాచనే. పుండు చూపించినా, అవిటితనం చూపించినా యాచనే. అన్నిటికన్నా విచిత్రమైనది మరొకటి ఉంది. పైకి కనిపించే జీవనాధారం ఏదీ లేకుండా వీధిలో తిరుగుతున్నవాడు, అడుక్కునే బతుకుతున్నాడని తోచే స్థితిలో ఉంటే చాలు, చెయ్యి చాపకపోయినా బిచ్చగాడే. పని దొరక్క అడ్డామీద కూలబడ్డ కూలీకీ, చిరిగిన చొక్కాతో ఊరికి కొత్తగా వచ్చినవాడికీ ఈ నిర్వచనం సరిపోతుంది.

శిక్షా చిన్నది కాదు. పోలీసులు వారంటు లేకుండా పట్టుకోవచ్చు. మేజిస్ట్రేటు క్లుప్తంగా విచారించి, ఏడాదికి తగ్గకుండా మూడేళ్ల దాకా యాచక గృహంలో ఉంచవచ్చు. మళ్లీ మళ్లీ దొరికితే పదేళ్ల దాకా నిర్బంధించవచ్చు. అతడిమీద పూర్తిగా ఆధారపడ్డ కుటుంబ సభ్యులను కూడా లోపల ఉంచడానికి ఒక సెక్షన్ ఉంది. నయంకాని నిస్సహాయులని తేలినవారిని నిరవధికంగా ఉంచడానికి ఇంకొకటి. దొంగతనానికైనా దొంగ పెళ్లాంబిడ్డల్ని ఎవరూ లోపల వేయరు.

దొరల కాలం నుంచి

ఈ ఆలోచన పుట్టిల్లు ఇంగ్లండు. నెపోలియన్ యుద్ధాలు ముగిశాక పనిలేక వీధులపాలైన సైనికులనూ, పల్లెల నుంచి వలస వచ్చిన పేదలనూ అదుపు చేయడానికి 1824లో అక్కడ దేశదిమ్మరుల చట్టం చేశారు. మన దేశంలో ఇలాంటి చట్టం మొదట తగిలింది మనవాళ్లకు కాదు, తెల్లవాళ్లకే. ఓడల నుంచి, పటాలాల నుంచి, రైల్వే పనుల నుంచి బయటపడి బజార్లలో చెయ్యి చాపే పేద ఐరోపావాసుల వల్ల దొరతనం పరువు పోతోందని 1869లో వాళ్ల కోసమే చట్టం తెచ్చారు. వాళ్లను పని గృహాల్లో పెట్టారు, కొందరిని ఓడెక్కించి పంపేశారు. ఆ తర్వాత 1943లో, కరవుతో జనం కలకత్తా వీధుల్లో రాలిపోతున్న రోజుల్లో, బెంగాల్ దేశదిమ్మరుల చట్టం వచ్చింది. అన్నం కోసం వచ్చినవాళ్లను నగరం కంటికి కనిపించకుండా చేయడం అప్పుడూ ఒక పాలనా కార్యక్రమమే.

తెలుగునేలపై 'యాచన'కు ఇచ్చిన ఆ నిర్వచనం మరింత ఇబ్బందికరం. ఇక్కడ అడగడమన్నది చాలాకాలం నేరం కాదు సరికదా, అవమానమూ కాదు. ఉపనయనంలో వటువు తల్లి దగ్గరే తొలి భిక్ష అడుగుతాడు. త్యాగయ్య తిరువయ్యారు వీధుల్లో ఉంఛవృత్తితో బతికాడు. పేద విద్యార్థులు వారాలు చేసుకుని, మధూకరం ఎత్తుకుని చదువుకున్నారు. సంక్రాంతికి హరిదాసు తలమీద అక్షయపాత్రలో బియ్యం పోయడానికి పిల్లలు పోటీపడతారు. గంగిరెద్దులవాళ్లు, బుడబుక్కలవాళ్లు, బుడగజంగాలు, పిచ్చుకగుంట్లు, పగటివేషగాళ్లు అందరిదీ ఆటో పాటో కథో వినిపించి ఇంటింటా పుచ్చుకునే జీవిక. ఊళ్లో దాన్ని హక్కుగా చూశారు. అదే గంగిరెద్దు నగరంలో సిగ్నల్ దగ్గర నిలబడితే ట్రాఫిక్‌కు అడ్డం అయింది. బొంబాయి చట్టం మాటల ప్రకారం సన్నాయి ఊదినవాడికీ సోది చెప్పినామెకూ తేడా లేదు, ఇద్దరూ యాచకులే.

అతిథులు వస్తున్నారంటే

నిషేధాలు ఎప్పుడు గుర్తొస్తాయో గమనిస్తే వాటి అసలు ఉద్దేశం కొంత అర్థమవుతుంది. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైదరాబాద్ వచ్చినప్పుడు వీధుల్లోని బిచ్చగాళ్లను తరలించారు. 2010 కామన్వెల్త్ క్రీడల ముందు ఢిల్లీ సంచార కోర్టులను వీధుల్లోకి దించింది. 2023లో జీ-20 అతిథుల రాకకు ముందు నాగపూర్ పోలీసులు కూడళ్లలో యాచనను నిషేధించారు. 2025 ఆగస్టులో మిజోరం శాసనసభ యాచక నిషేధ బిల్లును ఆమోదించింది. రాజధాని ఐజ్వాల్ పక్కనున్న సైరాంగ్‌కు అప్పట్లో రైలు రాబోతోంది, దాంతో బయటి యాచకులు వస్తారేమో అన్న భయం అందుకు ఒక కారణం.

వీటన్నిటిలో తెలుగు పాఠకులకు బాగా గుర్తున్నది 2017 నవంబరు. ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు అమెరికా అధ్యక్షుడి కూతురు ఇవాంకా ట్రంప్ వస్తున్న సమయమది. సదస్సు 28న మొదలవాలి. అంతకు మూడు వారాల ముందు, 7వ తేదీన, హైదరాబాద్ పోలీస్ కమిషనర్ నేర శిక్షాస్మృతి 144వ సెక్షన్ కింద నగరంలో రెండు నెలల పాటు యాచనను నిషేధించారు. పిల్లలనూ వికలాంగులనూ కూడళ్లలో దింపుతున్నారని, వాహనాలకు అడ్డుపడుతున్నారని, అసభ్యంగా అడుగుతున్నారని ఉత్తర్వులో కారణాలు చూపారు. పట్టుకున్నవారిని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆనందాశ్రమాలకు చేర్చారు. బిచ్చగాళ్ల ఆచూకీ చెప్పినవారికి రూ.500 ఇస్తామని జైళ్లశాఖ ప్రకటించింది. వేలిముద్రలు, ఫొటోలు తీసుకుని, ఇక అడుక్కోబోమని రాయించుకుని చాలామందిని వదిలేశారు. వేడి భోజనం, పడక, వైద్యం దొరికిన మాట నిజమే. దొరికిన చోటు మాత్రం జైలు. రెండు నెలలు గడిచాయి, ఉత్తర్వు గడువు తీరింది. శుక్రవారం దర్గాల దగ్గర, శనివారం ఆంజనేయుడి గుళ్ల దగ్గర వరసలు మళ్లీ కనిపించాయి.

ఇండోర్ ఇంకో అడుగు ముందుకు వేసింది. 2025 జనవరి 1 నుంచి అక్కడ అడగడమే కాదు, ఇవ్వడమూ నేరమైంది. అదే నెలలో గుడి బయట ఒక బిచ్చగత్తెకు రూ.10 ఇచ్చిన వాహనదారుడిపై పోలీసులు కేసు పెట్టారు. అధికారి ఉత్తర్వును ధిక్కరించినందుకు భారతీయ న్యాయ సంహిత 223వ సెక్షన్ కింద జైలు, జరిమానా రెండూ పడవచ్చు. ఫిబ్రవరిలో భోపాల్ కూడా ఇలాంటి ఉత్తర్వే ఇచ్చింది. పాత్రదానమా అపాత్రదానమా అని ఇన్నాళ్లూ దాత మనస్సాక్షి తేల్చుకున్న సంగతిని ఇప్పుడు పోలీసు స్టేషను తేలుస్తోంది.

కోర్టులు ఏమన్నాయి

2018 ఆగస్టు 8న ఢిల్లీ హైకోర్టు బొంబాయి చట్టంలోని కీలక సెక్షన్లను, అవి ఢిల్లీకి వర్తించినంత మేరకు, కొట్టేసింది. హర్ష్ మందర్, కర్ణికా సాహ్నీ వేసిన పిటిషన్లపై తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తి గీతా మిత్తల్, న్యాయమూర్తి సి. హరిశంకర్ ఇచ్చిన తీర్పు అది. మనిషి ఇష్టపడి అడుక్కోడనీ, కూడు గూడు కల్పించాల్సిన రాజ్యం ఆ పని చేయకుండా ఆకలిగొన్నవాణ్ని నేరస్థుడిగా చూడటం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమనీ ధర్మాసనం తేల్చింది. అయితే ఇతరుల చేత అడుక్కోబెట్టేవారిని శిక్షించే సెక్షన్ జోలికి పోలేదు. బలవంతపు యాచనపై సరైన అధ్యయనం చేసి కొత్త చట్టం తెచ్చుకోవచ్చని ప్రభుత్వానికి దారి కూడా వదిలింది. 2019 అక్టోబరులో జమ్మూకశ్మీర్ హైకోర్టు ఇదే దారిలో అక్కడి 1960 నాటి చట్టాన్ని కొట్టేసింది. 2021 జులైలో, కరోనా సాకుతో కూడళ్ల నుంచి బిచ్చగాళ్లను తొలగించాలన్న పిటిషన్‌పై, తాము కలవారి కళ్లతో దీన్ని చూడబోమని సుప్రీంకోర్టు చెప్పింది. చదువూ ఉపాధీ లేక జనం అడుక్కుంటున్నారని గుర్తుచేసింది.

అమెరికాలో ఈ చర్చ ఆకలి మీద కాక వాక్ స్వాతంత్ర్యం మీద నడిచింది. ఇలినాయ్ రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్ పాత నగర ప్రాంతంలో అప్పటికప్పుడు డబ్బివ్వమని నోటితో అడగడాన్ని నిషేధించింది. అట్ట మీద రాసి పట్టుకుంటే మాత్రం తప్పులేదు. మాటలోని విషయాన్ని బట్టి నిషేధం పెట్టడం కుదరదని 2015లో ఫెడరల్ అప్పీలు కోర్టు దాన్ని తోసిపుచ్చింది. ఐరోపాలో ఇది మనిషి గౌరవం మీదికి వచ్చింది. జెనీవా వీధిలో అడుక్కున్నందుకు రొమేనియాకు చెందిన ఒక నిరక్షరాస్య రోమా మహిళకు 500 ఫ్రాంకుల జరిమానా పడింది. కట్టలేక ఆమె అయిదు రోజులు జైల్లో ఉంది. అది ఆమె హక్కులకు భంగమని 2021 జనవరిలో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం చెప్పింది.

ముఠాల మాటేమిటి

నిషేధం కోరేవారి వాదన కొట్టిపారేయదగ్గది కాదు. మండుటెండలో మత్తుగా పడి ఉన్న పసిబిడ్డను చంకనేసుకుని సిగ్నల్ దగ్గర కారు అద్దం తడుతున్న మనిషిని చూసి, ఆ బిడ్డ ఎవరి బిడ్డ అన్న అనుమానం రానివారుండరు. పిల్లలను ఎత్తుకొచ్చి అడుక్కోబెట్టేవాళ్లు ఉన్నారు. ఎర్ర దీపానికీ పచ్చ దీపానికీ మధ్య బండ్ల నడుమ తిరగడం అడిగేవాడి ప్రాణానికే ముప్పు.

కానీ వీటిలో ఏ నేరానికీ యాచనా నిషేధం అక్కర్లేదు. అడుక్కోబెట్టడానికి పిల్లల్ని అపహరిస్తే న్యాయ సంహిత 139వ సెక్షన్ కింద పదేళ్లకు తగ్గకుండా యావజ్జీవం దాకా కఠిన శిక్ష ఉంది. అవిటివాణ్ని చేస్తే ఇరవై ఏళ్లకు తగ్గదు. చట్టబద్ధ సంరక్షకుడు కానివాడు పిల్లవాడి చేత అడుక్కోబెడుతూ దొరికితే, కాదని రుజువు చేసుకునే దాకా అతడే అపహరించాడని కోర్టు భావిస్తుంది. బాలల న్యాయ చట్టం 76వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు ఉంది. మనుషుల అక్రమ రవాణా సెక్షన్‌లోనూ యాచన పేరు పెట్టి ఉంది. పిల్లల్ని వీధుల నుంచి తప్పించడానికి తెలంగాణ పోలీసులు ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ చేపడుతున్నారు. చట్టపరమైన ఆయుధాలు లేక ముఠాలు మిగిలిపోవడం లేదు. సాధారణ నిషేధం వలలో ముఠా నాయకుడు పడడు, అతడు ఎప్పుడూ కూడలిలో నిలబడడు. పడేది ముసలమ్మ.

2011 జనగణన దేశంలో 4,13,670 మంది యాచకులను, దేశదిమ్మరులను లెక్కగట్టింది. వారిలో మహిళలు 1,91,997. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 30,218, పశ్చిమ బెంగాల్, ఉత్తరప్రదేశ్ తర్వాత మూడో స్థానం. ఇల్లు లేనివారిని లెక్కించడం కష్టం కాబట్టి దీన్ని కనీస అంకెగా చూడటమే మేలు. ఇంతమందికి జైలు కన్నా కావలసినవి వేరే ఉన్నాయి. తెలంగాణలో వృద్ధులకు నెలకు రూ.2,016, ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి రూ.4,000 పింఛను ఇస్తున్నారు. అందుకోవాలంటే ఆధార్, చిరునామా కావాలి. పేవ్‌మెంటుకు డోర్ నంబరు ఉండదు. పట్టణాల్లో లక్ష జనాభాకు వందమంది పట్టే ఒక రాత్రి బస ఉండాలని జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నియమం పెట్టింది. 2022లో కేంద్రం తెచ్చిన 'స్మైల్' పథకంలో ఒక భాగం యాచకులను గుర్తించి, బస, వైద్యం, పని నేర్పడం కోసమే. బిహార్ కూడా 'ముఖ్యమంత్రి భిక్షావృత్తి నివారణ యోజన' పేరిట పునరావాసం చేపట్టింది. యాచక గృహాలు దయాధర్మంతో నడిచేవి కావు, రాజ్యాంగ బాధ్యత అని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. చేరిన 24 గంటల్లో వైద్య పరీక్ష జరగాలని ఆదేశించింది.

నగరానికి కొన్ని నియమాలు పెట్టుకునే హక్కు తప్పక ఉంది. బండ్ల మధ్య ఎవరూ తిరగకూడదనొచ్చు, ఏటీఎం దగ్గర ఎవరూ ఎవరినీ అటకాయించకూడదనొచ్చు, దారి ఎవరూ మూసేయకూడదనొచ్చు. ఆ నియమాలు చందా అడిగేవాడికీ, కరపత్రాలు పంచేవాడికీ, చిప్ప పట్టినవాడికీ ఒక్కలాగే వర్తించాలి. పక్కన నిలబడి, ఆకలిగా ఉందని అడగడాన్ని మాత్రం నేరం చేయకూడదు. జెనీవా కూడా ఐరోపా న్యాయస్థానం తీర్పు తర్వాత పూర్తి నిషేధం మాని, కొన్ని చోట్లకే ఆంక్షలు పెట్టుకుంది. ఇంగ్లండు 1824 చట్టం రద్దుకు 2022లోనే పార్లమెంటు ఆమోదం తీసుకుంది. తెలుగు రాష్ట్రాలు రెండూ 1977 చట్టాన్ని ఇంకా రద్దు చేయలేదు.