ఇసుకకు ఆకలెక్కువ

చలిదేశాల తోటమాలులు చలికాలం ముందు నేల మీద పశువుల ఎరువు పరిచి వదిలేస్తారు. మంచు కరిగేసరికి అది మట్టిలో కలిసిపోతుంది. షార్జాలో ఆ పద్ధతి పనికిరాదు, ఎందుకంటే ఇక్కడ చలికాలమే సాగుకాలం. అక్టోబరులో విత్తితే ఏప్రిల్ దాకా పాలకూర, మెంతి, టమాట, చిక్కుడు కోసుకోవచ్చు. ఎరువు అంతకుముందే, ఎండల్లోనే పడాలి. జగిత్యాల నుంచి మా అత్తమ్మ ఫోన్లో అనేది కూడా అదే: "ఎండలల్ల పెంట తోలకుంటె పంటేడికెళ్లి వస్తది బిడ్డా?"

కాకపోతే ఆమె తోలిన పెంటను మాగబెట్టడానికి వానలొస్తాయి. ఈ దేశంలో ఏడాదంతా కలిపి 100 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. తడి లేనిచోట ఎరువు కుళ్లదు, ఊరికే ఎండుతుంది. మేక పెంటికలైతే మరీ మొండివి. నలగ్గొట్టి నానబెట్టకపోతే వచ్చే ఏడు తవ్వినా రాళ్లలా దొరుకుతాయి.

మా ప్రహరీ పక్కన ఉన్నది మట్టి అనడానికి లేదు. సముద్రపు గవ్వల పొడి కలిసిన ఇసుక. సున్నం ఎక్కువ, పీహెచ్ 8 దాటుతుంది. ఇలాంటి నేలలో ఇనుము ఉన్నా వేళ్లకు అందదు. అందుకే లేతాకులు పచ్చని ఈనెల మధ్య పసుపెక్కుతాయి. పోసిన నీళ్లు నిలవవు, వాటితో పాటు పోషకాలూ దిగిపోతాయి. నల్లరేగడిలో బంకమన్ను వీటిని పట్టి ఉంచుతుంది. ఇక్కడ ఆ పని ఎరువు చెయ్యాలి. తడీ వేడీ కలిస్తే సూక్ష్మజీవులు దాన్ని త్వరగా తినేస్తాయి కాబట్టి ఏటా పెట్టక తప్పదు.

మన దగ్గర ఎకరాకు 10 టన్నులంటే చదరపు మీటరుకు రెండున్నర కిలోలు. నేను ఇంకాస్త వేస్తాను, రెట్టింపు మాత్రం వెయ్యను. జులై చివర జానెడు లోతు తవ్వి కలిపి, బాగా తడిపి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు పరిచి అంచులు మట్టితో మూసేస్తాను. పక్కింటివాళ్లకు వాసన తగలకపోవడం అదనపు లాభం. నాలుగైదు వారాల్లో షీటు కింది వేడికి కలుపు విత్తనాలతో పాటు టమాట, బెండ వేళ్లకు బుడిపెలు పుట్టించే నులిపురుగులూ చాలావరకు చస్తాయి.

అసలు భయం ఉప్పుతో. ఈ ప్రాంతంలో అదెంత పెద్ద సమస్యంటే, ఉప్పునేలల సాగు మీద పరిశోధనకే దుబాయ్‌లో 1999లో ఒక అంతర్జాతీయ కేంద్రం పెట్టారు. ఎరువులోనూ ఉప్పుంటుంది, కోళ్ల ఎరువులో మరీను. అందుకే సెప్టెంబరులో షీటు తీసి నిండా నీళ్లు పెడతాను, ఉప్పు వేళ్ల కిందికి దిగేలా. కుళాయిలో వచ్చేది ఉప్పు తీసిన సముద్రపు నీరు కాబట్టి ఇది సాధ్యం. ఉప్పటి బోరునీళ్లతో చేస్తే ఉన్న ఉప్పుకు ఇంకొంత తోడవుతుంది.

అల్ ఐన్ ఒయాసిస్‌లో ఖర్జూరం చెట్ల కింద నడిస్తే ఇంకో విషయం తెలుస్తుంది. 2011లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన తోటలవి. నీడ వల్ల అక్కడి నేల బయటి ఇసుకలా కాలదు. చల్లటి నేలలో ఎరువు ఎక్కువకాలం నిలుస్తుంది. అంత నీడ నాకెక్కడిది? వీధిలో రాలిన వేపాకు ఊడ్చుకొచ్చి మొక్కల మొదళ్లలో మందంగా పరుస్తున్నాను.

ఎరువు మూట విప్పగానే ముక్కు మండితే అది ఇంకా మాగలేదని గుర్తు. దాన్ని నీడలో కుప్పపోసి, తడిపి, గోనెసంచులు కప్పి ఇంకో నెల ఆగండి.