మీకు తెలుసా? గడ్డం కత్తికి పిడే కాపలా

పాతకాలపు గడ్డం గీసే మడతకత్తి చేతికి వస్తే అందరూ అలుగు గురించే మాట్లాడతారు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ ఉక్కు గొప్పదా, జర్మనీలోని జోలింగెన్ పదును గొప్పదా అని వాదించుకుంటారు. ఆ అలుగును కడుపులో దాచుకునే పిడిని పట్టించుకునేవాళ్లు తక్కువ. దాని నిర్మాణానికి మామూలుగా జిగురుతో పని లేదు, మరమేకులతోనూ పని లేదు. మూడు మిల్లీమీటర్ల లోపు మందమున్న రెండు బద్దలు, వాటి తోక దగ్గర చిన్న ఏటవాలు ముక్క, రెండో మూడో తీగముక్కలు చాలు.

ఆ ఏటవాలు ముక్కను పనివాళ్లు వెడ్జ్ అంటారు. అలుగు వైపు కాస్త మందంగా, తోక వైపు పలచగా దాన్ని అరగదీస్తారు. తోక దగ్గర రివెట్టు బిగించగానే బద్దలు రెండూ మధ్యలో విల్లులా బయటికి వంగుతాయి. దాంతో మడిచిన అలుగుకు లోపల చోటు దొరుకుతుంది, వాదర పక్కలకు తగలదు. ఈ ముక్క వాలు సరిగ్గా కుదరకపోతే ఎంత ఖరీదైన కత్తి అయినా మూసేటప్పుడు పిడినే కోస్తుంది. పాత షెఫీల్డ్ కత్తుల్లో చాలావాటికి ఈ ముక్కను సీసంతో చేసేవారు. సీసం మెత్తన, సుత్తి దెబ్బకు సందులోకి చక్కగా సర్దుకుంటుంది. పైగా దాని బరువు తోకకు తూకమిస్తుంది.

రెండు బద్దలూ అచ్చంగా ఒకేలా ఎలా వస్తాయి? రెంటినీ రెండువైపులా అంటుకునే టేపుతో ఒకటిగా అతికించి, ఒకేసారి కోసి, ఒకేసారి బెజ్జాలు వేసి, అంచులు ఆకురాయితో అరగదీసి, ఆ తర్వాతే విడదీస్తారు. రివెట్టు కొట్టేముందు సన్నని బోల్టులు, నట్లతో ఒకసారి బిగించి చూస్తారు. అలుగు సరిగ్గా నడుమ పడుతోందా, మూసినప్పుడు వాదర పూర్తిగా లోపలికి వెళ్తోందా అన్నది తేలేది అప్పుడే.

ఇక అసలు నేర్పంతా రివెట్టు కొట్టడంలోనే ఉంది. నా దృష్టిలో మొత్తం పనిలో అందమైన ఘట్టం ఇదే. రివెట్టు అంటే అంగుళంలో పదహారో వంతు, అంటే సుమారు 1.6 మిల్లీమీటర్ల మందమున్న ఇత్తడి తీగ. నికెల్ సిల్వర్ తీగ కూడా వాడతారు. పేరులో సిల్వర్ ఉన్నా అందులో వెండి ఉండదు, ఉన్నవి రాగి, నికెల్, జింకు. తీగను బెజ్జంలో దూర్చి, రెండు వైపులా బుల్లి వాషర్లు తొడిగి, పైకి మిల్లీమీటరు పాటి మాత్రం మిగిలేలా కత్తిరిస్తారు. ఎక్కువ మిగిలితే దెబ్బకు తీగ లోపలే వంకరపోయి పిడిని చీల్చేస్తుంది. ఇనుప దిమ్మ మీద ఆనించి, గుండుతల చిన్న సుత్తితో అంచుల చుట్టూ మెల్లగా తట్టుకుంటూ పోతే తల గోపురంలా విచ్చుకుంటుంది. నాలుగు తట్లు వేయగానే కత్తిని తెరిచి మూసి చూడాలి. తెరిచేటప్పుడు ఎక్కడ ఆపితే అక్కడ నిలబడాలి, జారిపోకూడదు, బిర్రబిగుసుకోనూ కూడదు. ఒక్క దెబ్బ ఎక్కువైతే కొమ్ముతో చేసిన పిడి పగులుతుంది. ఇక్కడ బలం చూపించేవాడు ఓడిపోతాడు.

కొమ్మంటే గుర్తొచ్చింది. షెఫీల్డ్ పనివాళ్లు మన దేశం నుంచి వెళ్లిన గేదె కొమ్ముతోనూ పిడులు చేశారు. కొమ్ములో ఉండేది కెరటిన్, మన గోళ్లలో, వెంట్రుకల్లో ఉన్నదే. అందుకే డ్రిల్లు వేడెక్కితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. వేడికి మెత్తబడి, అచ్చులో నొక్కితే ఆ ఆకారంలోనే చల్లారడం దాని గొప్ప గుణం. శ్రీకాకుళం జిల్లా పాతపట్నానికి ఆనుకునే ఉన్న ఒడిశాలోని పర్లాకిమిడి కొమ్ము కళాకారులు బొమ్మలకు వంపులు తెచ్చేది కూడా కొమ్మును వేడిచేసే.

దంతం, తాబేటి చిప్ప పిడులూ ఉండేవి. వాటి కోసం ఎన్ని ప్రాణాలు పోయాయో తలచుకుంటే ఆ పిడుల తళుకు నాకు రుచించదు. ఏనుగుదంతపు అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాలని 1989లో దేశాలు నిర్ణయించాయి. దంతానికి బదులుగా అంతకు చాలాముందే సెల్యులాయిడ్ వచ్చింది. అమెరికాలో జాన్ వెస్లీ హయట్ బిలియర్డ్స్ బంతులకు దంతం బదులు వాడే పదార్థం వెతుకుతూ నైట్రోసెల్యులోజ్‌ను కర్పూరంతో కలిపి 1870లో పేటెంటు పొందాడు. చూడటానికి అచ్చం దంతమే. కానీ దశాబ్దాలు గడిచేకొద్దీ అది లోలోపలే విచ్ఛిన్నమై నైట్రోజన్ ఆక్సైడ్ వాయువులు విడుస్తుంది. గాలిలోని తేమతో కలిసి అవి నైట్రిక్ ఆమ్లమవుతాయి. మడిచి పెట్టిన అలుగును, కాపాడవలసిన పిడే తినేస్తుంది! వేడి, తేమ ఎక్కువైన కొద్దీ ఇది వేగిరమవుతుంది. అదే పెట్టెలో ఉన్న పక్క కత్తులకూ తుప్పు పడుతుంది.

మీ ఇంట్లో తాతగారి కత్తి ఉంటే, అలుగు మీద పిడిలో మునిగే భాగానికే తుప్పు పట్టిందేమో చూడండి. పిడి సెల్యులాయిడ్‌ది అయితే దాన్ని మిగతావాటి నుంచి వేరుచేసి, గాలి ఆడేచోట, మంటకు దూరంగా ఉంచండి. సెల్యులాయిడ్ ఇట్టే అంటుకుంటుంది. అలుగు బాగుంటే పిడి మార్చేయవచ్చు. రివెట్టు తలను ఒకవైపు ఆకురాయితో అరగదీసి, సన్నని పంచ్‌తో నెడితే తీగ ఊడి వస్తుంది.